ఎర్ర ఫోను

సఖినేటిపల్లి,
4-1-1998

చిరంజీవి ప్రేమ్ కుమార్‌ని మేనత్త సువార్తమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

కొత్త సంవత్సరం ప్రార్థనలు బాగా జరిగాయి. పాస్టరుగారు గంటన్నర ప్రసంగించారు. మైకు కూతకి నా చెవి మిషను కూడా శ్రుతి కలిపింది కనుక స్విచ్చి ఆపేసి కళ్ళు మూసుకుని కూర్చున్నాను. చూసినవాళ్ళు భక్తి అనుకున్నారు.

నువ్వు క్రిస్మస్‌కి కాకినాడ నుంచి మోసుకొచ్చి బిగించి వెళ్ళిన ఎర్ర ఫోను చూడటానికి వీధి వీధంతా వచ్చింది. పక్కింటి సూర్యకాంతం దాన్ని చీరకొంగుతో తుడిచి, "ఫోనంటే ఇలాగుండాలండీ పంతులమ్మగారూ. ఆ నల్లది రుబ్బురోలులాగుండేది కదండీ" అంది. నంబర్లు తిప్పే బాధ లేదు, నొక్కితే చాలు. టెలిఫోను ఆఫీసులో పనిచేసే మేనల్లుడు ఉంటే ఇదీ వైభోగం అని అందరికీ చెప్పుకున్నాను. నువ్వు ఆ నల్ల ఫోనుని సంచీలో పడేసి పట్టుకుపోతుంటే మాత్రం మనసు కాస్త చివుక్కుమంది. తొమ్మిదేళ్ళు ఇంట్లో ఉన్న మనిషి కదా.

కొత్తది వినడానికి ఎలా ఉందో రాయమన్నావు. చాలా అందంగా ఉంది నాయనా. ఇంత ప్రేమతో తెచ్చావు, నాకింకేం కావాలి!

ఇవాళ నాలుగింటికి మీ నాన్న ఫోను చేశాడు. మా దానం ఆదివారం నాలుగు గంటలు తప్పడు. పది నిమిషాలు మాట్లాడుకున్నాం.

మీ అమ్మకీ, చెల్లి రెబెకాకీ నా ముద్దులు.

మీ అత్తయ్య


కాకినాడ,
22-2-1998

అత్తయ్యకి ప్రేమ్ నమస్కారాలు.

నీ మీద ఫిర్యాదు రాయడానికే కూర్చున్నాను. మొన్న పద్నాలుగో తారీఖున రెబెకా ప్రధానం అయింది. ఇంట్లో చిన్న వేడుకే కనుక కార్డులు వేయలేదు. నాన్న నీకు వరసగా మూడు ఆదివారాలు ఫోనులో చెప్పారట, మూడుసార్లూ నువ్వు సరేనన్నట్టు ఆయ్ అన్నావట. తీరా ఆ రోజు నువ్వు లేవు. నాన్న నీకోసం ముందు వరసలో ఒక కుర్చీ, దానికి కుడిపక్కన తనకో కుర్చీ వేయించుకున్నారు. పాస్టరుగారి భార్యని కూడా నీ కుర్చీలో కూర్చోనివ్వలేదు. ఖాళీ కుర్చీ పక్కన కూర్చునే కూతురి ప్రధానం చూశారు.

అయినా ఆయనకి నీమీద కోపం నిలవదు కదా! ఆదివారం నాలుగయ్యేసరికి చొక్కా మార్చుకుని మరీ ఫోను ముందు కూర్చుంటున్నారు. "ఈ మధ్య మీ అత్త మెత్తబడిందిరా. ఇదివరకు ఏం చెప్పినా నన్ను క్లాసులో పిల్లోడిలాగ దిద్దేది. ఇప్పుడు ఏం చెప్పినా ఆయ్ అంటంది" అని మురిసిపోతున్నారు. అదంతా నా ఎర్ర ఫోను మహిమే అని నేను గొప్పలు పోతున్నాను.

ఎందుకు రాలేదో రాయి. ఒంట్లో బాగుందా?

ప్రేమ్


సఖినేటిపల్లి,
1-3-1998

చిరంజీవి ప్రేమ్‌కి,

నీ కోపం న్యాయమైనదే. రాకపోవడానికి కారణం గోదావరి. బస్సు మీద అమలాపురం, అక్కడినుంచి ముక్తేశ్వరం రేవు దాకా వచ్చాను. పాయలో నీళ్ళు తగ్గి, అవతలికి దాటించే పంటు ఇసకలో దిగబడిందన్నారు. ఎండలో గంట నిలబడి వెనక్కి వచ్చేశాను. రెబెకాకి చెప్పు, దానికి ఇవ్వాలని మా అమ్మ వెండి భరిణె తీసి ఉంచాను. పెళ్ళికి నేనే చేతిలో పెడతాను.

ఒక మాట. ముఖ్యమైన సంగతి ఏదైనా ఉంటే కార్డు ముక్క రాస్తూ ఉండు. ఫోనులో మాట గాలికి పోతుంది. ఉత్తరమైతే పెట్టెలో ఉంటుంది, మళ్ళీ చదువుకోవచ్చు. ముప్పై రెండేళ్ళు పలక మీద రాయించిన చాదస్తం అనుకో.

ఆశీస్సులతో,
అత్తయ్య


సఖినేటిపల్లి,
29-6-1998

చిరంజీవి ప్రేమ్‌కి,

నువ్వు ఉత్తరం రాసి నాలుగు నెలలు దాటింది. ఫోనుంది కదా అని అందరూ కలం మూత పెట్టేశారు.

నిన్న మీ నాన్న ఫోను చేశాడు. ఎప్పుడూ పది నిమిషాలే, నిన్న ఏకంగా ఇరవై నిమిషాలు. ఎంత హుషారుగా ఉన్నాడో! వాడు అంతసేపు మాట్లాడాడంటే ఒళ్ళు కులాసాగా ఉన్నట్టే. నాకూ ప్రాణం లేచొచ్చింది.

కొత్తావకాయ జాడీ కట్టి ఉంచాను. కాకినాడ వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పంపిస్తాను. వాడికి కారం గుండ కాస్త ఎక్కువే వేశాను. మీ అమ్మ వద్దంటుంది, డాక్టరూ వద్దంటాడు, వాడు ఎలాగూ మానడు. అక్క పెట్టిందంటే ఏమీ కాదని చెప్పు.

మీ అత్తయ్య


కాకినాడ,
20-7-1998

గౌరవనీయులైన సువార్తమ్మగారికి,

ఆవకాయ గురించి మీరు రాసిన ఉత్తరం నాన్నని సమాధి చేసిన మర్నాడు అందింది. అమ్మ చదవకుండా దాచేశాను.

సమాధుల తోటలో మీరు నా చెయ్యి పట్టుకుని, "ఒక్క మాటైనా చెప్పలేదేమిరా నాకు" అని ఏడ్చారు. నేను చెయ్యి విదిలించుకున్నాను. పదిమందిలో అలా చేసినందుకు క్షమించండి. కానీ ఆ మాట మీరెలా అనగలిగారో నాకు అర్థం కాలేదు.

ఆపరేషను సంగతి మీకు ఉత్తరం రాస్తానంటే నాన్న వద్దన్నారు. "అక్కకి నేనే చెప్పాల. ఇంకో మాట కూడా ఉంది" అన్నారు. ఆదివారం సాయంత్రం నా భుజం పట్టుకుని ఆస్పత్రి గేటు దగ్గరున్న ఫోను బూత్‌కి నడిచి వచ్చారు. మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన అన్న ప్రతి మాటా విన్నాను.

"అక్కా, ఎల్లుండి నాకు గుండె ఆపరేషను. నువ్వొచ్చి పక్కనుంటే నాకు ధైర్యం. రేపు సాయంత్రానికి వస్తావా?" అన్నారు. మీరు ఆయ్ అన్నట్టున్నారు. ఆయన నావైపు చూసి తలాడించారు. తరవాత చాలాసేపు పాత సంగతులేవో చెప్పుకున్నారు. చివరికి, "అక్కా, ఆ క్రిస్మస్ నాటి సంగతి. ఇన్నేళ్ళూ అడగడానికి నోరు రాలేదు. నామీద ఇంకా కోపం ఉందా?" అన్నారు.

ఏ క్రిస్మసో నాకు తెలియదు. మీరేమన్నారో కూడా నాకు వినపడలేదు. ఫోను పెట్టేసి ఆయన నాతో చెప్పారు. "ఉందంటరా. అయినా వస్తానంది. వస్తే కాళ్ళు పట్టుకుంటాను."

సోమవారం మధ్యాహ్నం నుంచి నన్ను బస్‌స్టాండులో నిలబెట్టారు. రామచంద్రపురం వైపు నుంచి వచ్చిన ప్రతి బస్సూ చూశాను. మంగళవారం పొద్దున్న ఆయన్ని లోపలికి తీసుకెళ్తుంటే కూడా తల ఎత్తి గేటు వైపే చూశారు. తరవాత సంగతి మీకు తెలుసు. మీకు ఫోను చేయడానికి మనసొప్పక టెలిగ్రాం ఇచ్చాను.

చావుకి ముందు మనిషి అడిగితే, ఉన్నా లేదని అంటారు ఎవరైనా. మీరు పెద్దవారు. ఇంతకంటే రాయలేను.

ప్రేమ్ కుమార్


సఖినేటిపల్లి,
26-7-1998

నాయనా ప్రేమ్,

'మీరు' అని రాశావు. సువార్తమ్మగారు అని రాశావు. అంతకంటే పెద్ద శిక్షే వేయాల్సింది నువ్వు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ 'ఉందంటరా' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ముందుకు వెళ్ళలేకపోయాను. ఇక దాచి ప్రయోజనం లేదు, రాస్తున్నాను. వాడన్న మాట ఒక్కటి కూడా నాకు వినపడలేదు. ఆ రోజే కాదు, ఎర్ర ఫోను వచ్చిన దగ్గర నుంచి ఎవరు మాట్లాడినా నాకు వినపడలేదు.

పాత ఫోనుకి బాగానే వినపడేది. మెడలో వేలాడే నా మిషను పెట్టె మీద చిన్న స్విచ్చి ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలు ఎమ్, టీ అని. మనుషులతో మాట్లాడేటప్పుడు ఎమ్, ఫోను వస్తే టీ అని అమ్మినాయన నేర్పాడు. అలాగే చేసేదాన్ని. కొత్త ఫోను వచ్చాక టీ మీద పెడితే సద్దే లేదు. ఎమ్ మీద పెట్టి రిసీవరు పెట్టెకి ఆనిస్తే కూత. కాస్త దూరం జరిపితే అవతల గొంతు ఉందో లేదో తెలుస్తుంది, మాట తెలియదు. మిషను పాడైందేమోనని అమలాపురం తీసుకెళ్ళి చూపించాను. మిషను శుభ్రంగా ఉందన్నాడు. అయితే పోయింది నా కుడి చెవే అనుకున్నాను. ఎడమది చిన్నప్పుడే పోయింది కదా.

ఎవరికీ చెప్పలేదు. నువ్వు అంత సంబరంగా తెచ్చిన వస్తువు ముందు, చెవిటిదాన్ని అయిపోయానురా అని ఎలా చెప్పను? సూర్యకాంతాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వినమంటే వీధంతా తెలిసిపోతుంది. ముసలిదానికి ఫోనెందుకని మీరే మానేస్తారేమోనని భయం. అందుకని ఆదివారం నాలుగింటికి గోడ గడియారం ముందు కూర్చుని, గొంతు ఆగినప్పుడల్లా ఆయ్ అనేదాన్ని. మధ్యలో పిల్లలెలా ఉన్నారని అడిగేదాన్ని. పది నిమిషాలు కాగానే ఉంటానురా అని పెట్టేసేదాన్ని. ఆ రోజు గొంతు ఆగలేదు. అందుకే ఇరవై నిమిషాలు కూర్చున్నాను. హుషారుగా ఉన్నాడు కాబోలనుకున్నాను.

పంటు సంగతి కూడా అబద్ధం. రెబెకాకి ప్రధానమని నీ ఉత్తరం వస్తేనే తెలిసింది.

మన వైపు మర్యాదకి పెట్టింది పేరు. ఎదుటివాళ్ళు ఏం చెప్పినా ఆయ్ అనాలి. ఆ మర్యాదే నా తమ్ముణ్ణి గేటు వైపు చూస్తూ లోపలికి పంపింది.

ఆ క్రిస్మస్ ఏదో నాకు తెలుసు. ఇవాళ రాయలేను.

మీ అత్తయ్య


కాకినాడ,
30-8-1998

అత్తయ్యా,

నెల రోజులు జవాబు రాయలేదు. నువ్వు రాసింది నమ్మలేదు. తప్పించుకోవడానికి చెవి మీద పెడుతోందనుకున్నాను. అదీ ముందే ఒప్పుకుంటున్నాను.

మొన్న బుధవారం మా ఆఫీసుకి రిటైరైన తాసిల్దారుగారొకరు వచ్చారు. చెవికి మిషనుంది. చేతి సంచీలో నొక్కుడు బటన్ల ఫోను. "ఇది మా కోడలు పెట్టించిందండీ. నా నల్లది నాకిప్పించెయ్యండి బాబూ, దండం పెడతాను" అన్నారు. కౌంటరులో వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసి అడిగాను.

ఆయన చెప్పింది ఇది. నల్ల ఫోను రిసీవరు డిప్పలో తీగచుట్ట, అయస్కాంతం ఉంటాయి. మాట వచ్చినప్పుడు ఆ అయస్కాంతం పోటు డిప్ప దాటి బయటికి కూడా వస్తుంది. మిషను టీ మీద ఉంటే శబ్దాన్ని వదిలేసి దాన్నే పట్టుకుని మాట చేస్తుంది. ఆయన తెచ్చిన ఫోనులాంటి వాటిలో ఆ పోటు బయటికి రాదు. ఎంత మంచి మిషనైనా పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పదకొండేళ్ళుగా ఆ డిప్పలు విప్పి బిగిస్తున్నవాణ్ణి నేను. ఆ చుట్ట సంగతి నాకు తెలుసు. దాన్ని మనిషి చెవి వాడుకుంటుందని ఒక్కనాడూ తెలియలేదు.

ఆయన మిషను అడిగి తీసుకుని నా చెవిలో పెట్టుకున్నాను. టీ మీద పెట్టి నల్ల ఫోను ఎత్తాను. గదిలో ఫ్యాను చప్పుడు, మనుషుల గోల అన్నీ పోయి అవతల మాట ఒక్కటే వినపడింది, అంత శుభ్రంగా నేనెప్పుడూ ఫోనులో వినలేదు. తరవాత స్టోర్సులో నీదాని జత ఎర్ర ఫోను ఉంటే తెచ్చి పెట్టుకున్నాను. ఏమీ లేదు. నువ్వు ఆరు నెలలు విన్నది అదే కదా అనుకుంటూ అలాగే నిలబడ్డాను. తాసిల్దారుగారు మిషను ఇచ్చెయ్యమని చెయ్యి చాపితే గాని తెలివి రాలేదు.

నీ చెవి పోలేదు అత్తయ్యా. నేనే పట్టుకుపోయాను, సంచీలో వేసుకుని. నువ్వు కార్డు ముక్క రాయమన్నావు. అదీ చాదస్తమే అనుకున్నాను. నాన్న మాట నీకు అందకుండా చేసింది నేను, నిన్ను సమాధుల తోటలో విదిలించింది నేను. అమ్మకి ఇంకా చెప్పలేదు. చెప్పడానికి రోజూ సాయంత్రం కూర్చుంటున్నాను, మంచినీళ్ళు తాగి లేచిపోతున్నాను.

నీ పాత ఫోను తుక్కులో పోయింది. దాని తోటిది ఒకటి వెతికి, బాగుచేసి, రాజోలు లైన్‌మన్ చిట్టిబాబుతో పంపుతున్నాను. నేనే రావాలి. నీ ముఖం చూడలేక రావడం లేదు.

ప్రేమ్


సఖినేటిపల్లి,
13-9-1998

నాయనా ప్రేమ్,

చిట్టిబాబు వచ్చి బిగించి వెళ్ళాడు. "ఇదేంటండీ, కొత్తది తీసేసి పాతది పెట్టించుకుంటున్నారు!" అన్నాడు. టీ మీద పెట్టి రిసీవరు ఎత్తాను. డయల్ టోను చెవి నిండా వినపడింది. కాఫీ ఇచ్చే మాట కూడా మరిచిపోయి వింటూ కూర్చున్నాను. ఇది ఫిబ్రవరిలో వినపడి ఉంటే, జూన్‌లో వినపడి ఉంటే అనుకోని క్షణం లేదు.

కానీ తప్పంతా నీదేనని రాశావు చూడు, అది నేను ఒప్పుకోను. చెల్లని లెక్కకి మార్కులు వేసే పంతులమ్మని కాను. మొత్తం విను.

1949లో క్రిస్మస్ నాడు పొద్దున్న. నాకు పద్నాలుగేళ్ళు, వాడికి పది. నేను చర్చి ముందు వంగి ముగ్గు వేస్తున్నాను. నన్ను ఉలిక్కిపడేలా చేద్దామని దానం వెనకనుంచి తాటాకు టపాకాయ వెలిగించి విసిరాడు. ఎడమ చెవి పక్కనే పేలింది. వాడు ముగ్గుబుట్టలా తెల్లబోయి నిలబడ్డాడు. మా నాన్న చేతి బెత్తం నాకు తెలుసు. చెవిలో చీము పట్టిందని ఇంట్లో చెప్పాను. ఆ చెవి మళ్ళీ వినలేదు. అసలు సంగతి నాకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తరవాత వాడు ఎన్నడూ నా ఎడమపక్క కూర్చోలేదు. బస్సులో, చర్చిలో, పెళ్ళిళ్ళలో ఎప్పుడూ కుడిపక్కే. నడిస్తే కుడిపక్కే. కాకినాడలో కాపురం పెట్టినా ఆదివారం తప్పకుండా పలకరించేవాడు. అక్క మాటంటే వేదం. ఎందుకో నాకు తెలుసు. కోపం ఎప్పుడో, వాడికి మీసాలు రాకముందే పోయింది. పోయిందిరా అని ఒక్కమాట చెబితే వాడి ప్రాణం తేలికపడేది. చెప్పలేదు. వాడు అలా నా చుట్టూ తిరగడం నాకు బాగుండేది ప్రేమ్. భర్త లేడు, పిల్లలు లేరు, తమ్ముడైనా నా వెంట ఉండాలంటే వాడి మెడలో ఆ తాడు ఉండనీ అనుకున్నాను. ఇంత పచ్చిగా అనుకోలేదేమో గాని, చేసింది మాత్రం అదే.

ఎర్ర ఫోను ఆరు నెలలు. నా నోరు నలభై తొమ్మిదేళ్ళు. వాడు అడగకముందే చెప్పాల్సిన మాట, చివరికి వాడిచేత అడిగించుకుని, దానికి ఆయ్ అన్నాను. దీన్ని ఫోను మీదికి నెట్టి నేను చర్చిలో ఎలా కూర్చోను? మీ అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు. నీ వంతు కూడా అందులోనే వచ్చేస్తుంది.

నాకో కోరిక ఉంది. వచ్చే ఆదివారం నాలుగింటికి ఫోను చెయ్యి. మీ నాన్న అడిగిన ఆఖరి మాట నువ్వు అడుగు, అవే మాటలతో. ఒక్కసారి విని జవాబు చెప్పాలి నేను.

అత్తయ్య


కాకినాడ,
21-9-1998

అత్తయ్యా,

నిన్నటి మాట గాలికి పోకూడదని రాస్తున్నాను. ఆస్పత్రి గేటు దగ్గర బూత్‌కే వెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది. ఆవిడకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "మీ నాన్న నిద్దట్లో కూడా కుడిపక్కకే తిరిగేవోరు" అంది, అంతే.

నువ్వు ఎత్తగానే, "వినపడుతోందిరా, నీ ఊపిరి కూడా వినపడుతోంది" అన్నావు. అది విన్నాక అడగడం ఇంకా కష్టమైంది. అక్కా అని పిలవడానికి నోరు తిరగలేదు. అమ్మ వీపు మీద చెయ్యి వేస్తే అప్పుడు అడిగాను, "అక్కా, ఆ క్రిస్మస్ నాటి సంగతి. ఇన్నేళ్ళూ అడగడానికి నోరు రాలేదు. నామీద ఇంకా కోపం ఉందా?"

లైను పోయిందేమోనని డిప్ప తట్టబోయాను. అప్పుడు అన్నావు, "లేదురా దానం. పోయి ఎన్నేళ్ళో అయింది. చెప్పలేదంతే."

తరవాత నేనే అని గుర్తొచ్చిందేమో, "ప్రేమ్, వాడితో చెప్పరా" అన్నావు.

ఎవరితో చెప్పను అత్తయ్యా? ఆయ్ అన్నాను.

నీ ప్రేమ్